పిల్లల క్యారల్స్: రాజాం ప్రాంతం

క్రిస్మస్‌కు ముందు రాత్రుల్లో సంఘస్థులు గుంపుగా బయలుదేరి, ఇల్లిల్లూ తిరిగి, క్రీస్తు పుట్టుక పాటలు పాడి, వాక్యం చదివి, ప్రార్థన చేసి వచ్చే ఆచారాన్ని తెలుగు క్రైస్తవులు క్యారల్స్ అంటారు. ఆ గుంపులో మూడేళ్ళ నుంచి పదేళ్ళ లోపు పిల్లలు ప్రధాన గాయకులైనప్పుడు, వాళ్ళ కోసమే వేళ, దారి, పాటలు కుదించుకున్నప్పుడు అది పిల్లల క్యారల్స్ అవుతుంది. చాలా సంఘాల్లో దీనికి వేరే పేరు లేదు. సండే స్కూలు క్యారల్స్ అనో, పిల్లల రౌండ్ అనో అంటారు. ఈ వ్యాసం విజయనగరం జిల్లా రాజాం పట్టణాన్ని, చుట్టుపక్కల శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల గ్రామాలను దృష్టిలో పెట్టుకుని ఈ ఆచారాన్ని వివరిస్తుంది.

ప్రాంతం, జన వివరం

రాజాం పేరు తెలుగు దేశంలో ఎక్కువగా తాండ్ర పాపారాయుడితోను, 1757 నాటి బొబ్బిలి యుద్ధంతోను ముడిపడి వినిపిస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు ఇది శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. బొబ్బిలి, పాలకొండ, చీపురుపల్లి, పొందూరు దీనికి దగ్గరి ఊళ్ళు. చుట్టుపక్కల పల్లెలకు ఇది సంతా, బజారూ, బడీ.

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం. గుంటూరు, కృష్ణా, గోదావరి ప్రాంతాలతో పోలిస్తే ఉత్తరాంధ్రలో సంఘాలు చిన్నవి. ఒకే వీధిలో వరసగా సంఘస్థుల ఇళ్ళుండే పేటలు తక్కువ. ఇక్కడి క్యారల్స్ తీరును నిర్ణయించేది ముఖ్యంగా ఈ సంగతే. ఒక ఇంటికీ మరో ఇంటికీ నడుమ రెండు మూడు వీధులో, ఒక్కోసారి ఒక ఊరో ఉంటుంది. పెద్దలకు ఇది కాస్త నడక. నాలుగేళ్ళ పిల్లకు మాత్రం పాట కంటే దారే పెద్దదవుతుంది. అందుకే రాజాం వైపు పిల్లల రౌండ్‌కు ప్రణాళిక అంటే మొట్టమొదట దారి ప్రణాళిక.

చరిత్ర: పాశ్చాత్య మూలాలు

క్రీస్తు జననాన్ని జనం మధ్య దృశ్యంగా, పాటగా చూపే సంప్రదాయంలో 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసి ఫ్రాన్సిస్ ఏర్పాటు చేసిన పశువులపాక ఒక మైలురాయి. జర్మన్ మాట్లాడే దేశాల్లో జనవరి 6 పండుగకు పిల్లలు జ్ఞానుల వేషాలు వేసి, కర్రకు కట్టిన నక్షత్రం పట్టుకుని ఇల్లిల్లూ పాడుతూ తిరిగే అలవాటు శతాబ్దాల నాటిది. చందాలు పోగుచేసి ఇతర దేశాల పిల్లలకు పంపే వ్యవస్థగా అది 1959లో జర్మనీలో రూపుదిద్దుకుంది. ఇంగ్లండులో బిషప్ బెన్సన్ 1880లో ట్రూరోలో మొదలుపెట్టిన తొమ్మిది పాఠాల ఆరాధన 1918లో కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీకి చేరి లోకమంతా పాకింది. అయితే అది గుడిలోపలి ఆరాధన. తెలుగు క్యారల్స్‌కు దగ్గరి పోలిక వీధిలో తిరిగే నక్షత్ర గాయకులతోనే.

చరిత్ర: ఉత్తర సర్కారులు

లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజిస్ 1805లో విశాఖపట్నం చేరారు. వీరి తెలుగు అనువాద కృషి ఫలితంగా మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సెరంపూరులో అచ్చయ్యాయి. ఈ సీమలో పాటకు పాదు వేసినవారు పురుషోత్తమ చౌదరి (1803–1890). పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టి, 1833లో కటక్‌లో బాప్తిస్మం పొంది, శ్రీకాకుళం సీమలో బోధకుడిగా తిరిగిన ఆయన, కర్ణాటక రాగతాళాల్లో క్రైస్తవ కీర్తనలు రాశారు. తెలుగువారి చెవికి పరాయిగా తోచని వరసలో క్రీస్తు కథ పాడవచ్చని చూపిన తొలి తరంలో ఆయనది పెద్ద స్థానం (చూ. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు).

కెనడా బాప్టిస్టు మిషన్ తరఫున జాన్ మెక్లారిన్ 1874లో కాకినాడలో పని ప్రారంభించారు. మరుసటి ఏడు కెనడా తూర్పుతీర రాష్ట్రాల బాప్టిస్టులు ఉత్తర భాగాన్ని చేపట్టారు. భీమునిపట్నం, శ్రీకాకుళం, బొబ్బిలి మొదలైన చోట్ల వారి కేంద్రాలు ఏర్పడ్డాయి. కొండల వైపు సాలూరు, పార్వతీపురం ప్రాంతాల్లో జర్మనీ నుంచి వచ్చిన లూథరన్లు పనిచేశారు. కతోలిక సంఘం విషయానికొస్తే, 1840ల నడుమ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు విశాఖ వచ్చారు. శ్రీకాకుళం మేత్రాసనం 1993లో విశాఖ నుంచి విడివడి ఏర్పడింది. ఇటీవలి దశాబ్దాల్లో పెంతెకోస్తు, స్వతంత్ర సంఘాలు పెరిగాయి. క్యారల్స్‌ను అన్ని శాఖలూ ఒకే రకంగా ఆదరించవు. క్రిస్మస్ పండుగనే ఆచరించని సంఘాలు కొన్ని ఉన్నాయి. బ్రదరెన్ సంఘాల్లో చాలావరకు ఈ వర్గానికి చెందుతాయి.

సండే స్కూలు పాత్ర

పిల్లలు ఈ తిరుగుడులోకి వచ్చింది సండే స్కూలు ద్వారా. ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ 1780లో ప్రచారంలోకి తెచ్చిన ఈ ఏర్పాటుకు భారతదేశంలో 1876లో ఇండియా సండే స్కూల్ యూనియన్ స్థాపనతో ఒక ఉమ్మడి వేదిక దొరికింది. తెలుగు సీమలో ఈ పనిని ఇళ్ళ దాకా మోసుకెళ్ళినవారు బైబిలు స్త్రీలు. చదువు వచ్చిన ఈ తెలుగు స్త్రీలు వీధి అరుగుల మీద, చెట్ల కింద పిల్లల్ని కూర్చోబెట్టి, బొమ్మల పటాలు చూపి, వాక్యాలూ పాటలూ కంఠస్థం చేయించేవారు. మిషన్ చరిత్రల్లో వారికి దక్కిన చోటు చాలా తక్కువ. కానీ పుస్తకం లేని ఇంట్లోకి పాట వెళ్ళిందంటే అది పిల్లల నోటితోనే వెళ్ళింది, ఆ నోటికి నేర్పింది వీరే. ఇవాళ డిసెంబరు మొదటి ఆదివారం నుంచి పిల్లల్ని వెనక బెంచీల దగ్గర నిలబెట్టి పాట చెప్పే సండే స్కూలు టీచరమ్మలు ఆ పరంపరలోని వారే.

సోదర సంప్రదాయాలు (చూ. దసరా పద్యాలు, హరిదాసు)

పిల్లలు ఇంటింటికీ వెళ్ళి పాడి కానుక అందుకోవడం తెలుగు ఊళ్ళకు కొత్త కాదు. దసరాకు పంతులుగారు బడి పిల్లల్ని వెంటబెట్టుకుని, చేత విల్లంబులు పట్టించి, పద్యాలు పాడిస్తూ ఇల్లిల్లూ తిప్పేవారు. పంతులుకు దక్షిణ, పిల్లలకు పప్పుబెల్లాలు దక్కేవి. క్యారల్స్ నడిచే తీరు చాలామేరకు ఇదే: ముందు ఒక పెద్ద, వెనుక పిల్లలు, గడపలో పాట, చివర పెద్దలకు ఒకటీ పిల్లలకు ఒకటీ. క్యారల్స్ దసరా పద్యాల నుంచి పుట్టాయని చెప్పడానికి ఆధారం లేదు. గడప ముందు పిల్లలు నిలబడి పాడితే లేచివచ్చి వినాలన్న మర్యాద మాత్రం ఊళ్ళో అప్పటికే ఉంది.

కాలం కూడా కలిసివచ్చింది. డిసెంబరు నడిమిలో నెలగంట పడి ధనుర్మాసం మొదలవుతుంది. హరిదాసు, గంగిరెద్దుల వాళ్ళు, జంగమదేవరలు వీధుల్లో కనబడే రోజులివి. హరిదాసు తెల్లవారుజామున వస్తాడు, క్యారల్స్ పొద్దుగుంకాక వస్తాయి. ఒకే వీధి ఒకే నెలలో రెండు పూటలా రెండు రకాల భక్తి పాట వింటుంది.

రకాలు

తిరుగుడు స్వభావాన్ని బట్టి ఈ ప్రాంతంలో కొన్ని రకాలు కనిపిస్తాయి.

మొదటిది సాయంత్రపు రౌండ్. ఇది పూర్తిగా పిల్లల కోసమే. డిసెంబరులో ఇక్కడ సూర్యుడు 5:30 లోపే అస్తమిస్తాడు కాబట్టి ఆరు గంటలకు బయలుదేరినా నక్షత్రం వెలుగు కనబడుతుంది, ఎనిమిదిన్నరకల్లా పిల్లలు ఇల్లు చేరుతారు.

రెండోది యూత్ రౌండ్. కుర్రకారు డోలక్, గిటార్, డప్పు పట్టుకుని రాత్రి పొద్దుపోయే దాకా తిరుగుతారు. చిన్నపిల్లలు మొదటి నాలుగైదు ఇళ్ళ వరకు వీరితో ఉండి వెనక్కి వెళ్ళిపోవడం మంచి పద్ధతి. అలా వదలని పిల్లలు తండ్రి భుజం మీద నిద్రపోతూ మిగతా ఇళ్ళు చూస్తారు. ఇరవైనాలుగో తేదీ రాత్రి తెల్లవార్లూ పాడుతూ తిరిగి, ఆ పాటతోనే పండుగ ఆరాధనకు చేరే పల్లెలు కోస్తా అంతటా ఉన్నాయి.

మూడోది బండి మీది రౌండ్. ఆటోలోనో, ట్రాక్టరు తొట్టిలోనో, మినీ వ్యానులోనో నక్షత్రం కట్టి, చిన్న మైకు పెట్టి, ఊరూరా వెళ్ళడం. ఒక పాస్టరుగారు నాలుగైదు పల్లెల సంఘాలను చూసుకునే చోట ఇది తప్పనిసరి. పిల్లలకు నడక తప్పుతుంది, కానీ పాటలో వీధి తప్పిపోతుంది. నడిచే గుంపు దారి పొడవునా పాడుతుంది, బండి గుంపు ఇంటి ముందు మాత్రమే పాడుతుంది.

బడి క్యారల్స్ వేరు. క్రైస్తవ యాజమాన్యం ఉన్న పాఠశాలల్లో సెలవులకు ముందు రోజు అన్ని మతాల పిల్లలూ కలిసి పాడతారు. ఆసుపత్రి వార్డుల్లో, వృద్ధాశ్రమాల్లో, అనాథ పిల్లల వసతిగృహాల్లో పాడే రౌండ్లూ ఉన్నాయి.

కొండ ప్రాంతాల్లో సవర గిరిజన క్రైస్తవులు తమ భాషలో పాడుకుంటారు. కెనడా బాప్టిస్టులు నేటి ఒడిశాలోని సెరంగో కేంద్రంగా సవరల మధ్య పనిచేశారు. ఆ పాటలది వేరే సంప్రదాయం.

పాటలు

క్యారల్స్‌లో వినబడే పాటలు మూడు పాయల నుంచి వచ్చాయి. మొదటిది పాశ్చాత్య కీర్తనల తెలుగు రూపాలు. 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలోని ఒబెర్న్‌డార్ఫ్‌లో యోసెఫ్ మోర్ మాటలకు ఫ్రాన్జ్ గ్రూబర్ కట్టిన పాట తెలుగులోనూ ఉంది. ఆ రాత్రి దాన్ని గిటార్ తోడుగానే పాడారు కాబట్టి రాజాం వీధిలో గిటార్‌తో పాడే కుర్రవాడు ఆ పాట తొలి రూపానికి దగ్గరగానే ఉన్నాడు. ఛార్లెస్ వెస్లీ 1739 నాటి కీర్తన ‘దూత పాట పాడుడీ’గా తెలుగు సంఘాలన్నిటా స్థిరపడింది. ఈ అనువాద కీర్తనలు గంభీరమైనవి, గ్రాంథికమైనవి. చరణాలకు చిన్నపిల్లల నోరు తిరగదు.

రెండోది దేశీ కీర్తనలు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. క్రీస్తు జన్మ విభాగంలో పల్లె పదాల నడకలో ఉన్న కీర్తనలు క్యారల్స్‌కు ప్రాణం. ఆది తాళపు నడకకు అడుగు కలుస్తుంది, డోలక్ కలుస్తుంది. మూడోది క్యాసెట్ల కాలం నుంచి యూట్యూబు దాకా ఏటేటా వచ్చే కొత్త పాటలు. వీటిలో సినిమా బాణీ, డప్పు దరువు ఎక్కువ. పిల్లలు ఎగిరి గంతులేసేది వీటికే. వీటితోపాటు జింగిల్ బెల్స్ కూడా వినబడుతుంది. జేమ్స్ పియర్‌పాంట్ పేర 1857లో అచ్చయిన ఆ అమెరికన్ పాటలో క్రీస్తు ప్రసక్తే లేదు, అది మంచులో బండి షికారు పాట. అందుకే కొందరు పాస్టర్లు క్యారల్స్‌లో దాన్ని ఒప్పుకోరు.

చిన్నపిల్లల గుంపులో పని తేలిక చేసేది తెలుగు పాటకున్న పల్లవి. చరణం పెద్దలు పాడతారు, పల్లవి దగ్గర పిల్లలు అందుకుంటారు. ఐదేళ్ళ పిల్ల నాలుగు పాటల పల్లవులు నేర్చుకుంటే రాత్రంతా పాడగలదు. పల్లవి లేకుండా చరణం తర్వాత చరణంగా సాగే పాశ్చాత్య కీర్తనకు ఈ వెసులుబాటు ఉండదు. తెలుగు సంఘాల్లో పిల్లల క్యారల్స్ నిలదొక్కుకోవడానికి వేషాలకన్నా, మిఠాయిలకన్నా పల్లవే పెద్ద కారణమని చెప్పవచ్చు. శ్రుతి మాత్రం చూసుకోవాలి. పెద్ద మగవాళ్ళ గొంతుకు పెట్టిన శ్రుతిలో పిల్లలు పాడలేక అరుస్తారు, రెండో ఇంటికే గొంతు బొంగురుపోతుంది.

నిర్వహణ

డిసెంబరు తొలి వారాల్లో ఆదివారం ఆరాధన తర్వాత ఏ రోజు ఏ వీధో ప్రకటిస్తారు. సంఘ పెద్దలు ఇళ్ళ వరస రాస్తారు. పిల్లలున్న రౌండ్‌కు రాజాం వంటి చోట ఆరు నుంచి ఎనిమిది ఇళ్ళు చాలు. మొదటి ఇల్లు బాగా తెలిసినవారిది, చివరి ఇల్లు తినడానికి ఏదైనా పెట్టేవారిది అయితే పిల్లలు చివరిదాకా నిలుస్తారు. ఏదో ఒక ఇల్లు నడుమ విడిదిగా ముందే చెప్పిపెట్టుకోవాలి. పిల్లలకు నీళ్ళు, బాత్రూము అక్కడ.

గడప దగ్గర జరిగేది చాలా చోట్ల ఒకే క్రమం. గుంపు పాడుతూనే వాకిట్లోకి వస్తుంది. ఇంటివాళ్ళు వీధి లైటు వేసి, “వందనాలండీ, రండి” అంటూ బయటికి వస్తారు. ఒకటో రెండో పాటలు. లూకా సువార్త రెండో అధ్యాయం నుంచి నాలుగు మాటలు ఒక పిల్ల చూడకుండా చెబుతుంది. ఆ ఇంటి పేరున పాస్టరుగారు చిన్న ప్రార్థన చేస్తారు. క్రిస్మస్ తాత చాక్లెట్లు పంచుతాడు. ఇంటాయన కవరులో కానుక వేస్తాడు. అంతా కలిపి పది నిమిషాలు. ప్రార్థన సాగితే పిల్లలు చెదిరిపోతారు. అనుభవం ఉన్న పాస్టర్లు ఈ సంగతి ఎరిగి నాలుగు వాక్యాల్లో ముగిస్తారు.

ఆ ఏడు మనిషి పోయిన ఇల్లుంటే డప్పు ఆపి, నెమ్మది పాట ఒక్కటి పాడి ప్రార్థించి వస్తారు. పిల్లలకు ముందే చెప్పాలి. చెబితే మూడేళ్ళ వాళ్ళు కూడా ఆ ఇంటి ముందు సద్దుమణుగుతారు.

నక్షత్రం, వేషాలు

వెదురు బద్దలు ఐదు మూలలుగా కట్టి, మైదాపిండి ఉడికించిన జిగురుతో రంగు కాగితాలు అంటించి, లోపల దీపం పెట్టిన నక్షత్రం పాత పద్ధతి. పెట్రోమాక్స్ లైటు మోసేవాడు ముందు నడిచేవాడు. ఇప్పుడు బజారులో దొరికే కాగితపు, ప్లాస్టిక్ నక్షత్రంలో బ్యాటరీతో వెలిగే ఎల్‌ఈడీ బల్బులు పెడుతున్నారు. పిల్లలతో నక్షత్రం చేయించే సంఘాలు ఇంకా ఉన్నాయి. చేసే రెండు సాయంత్రాల్లోనే పాటలు సగం వచ్చేస్తాయి కాబట్టి ఈ పద్ధతి వదలదగ్గది కాదు.

తెల్ల గౌను, అట్ట రెక్కలు దేవదూతకు. తలకు తువ్వాలు, చేత కర్ర గొర్రెలకాపరికి. అమ్మ పట్టుచీర, బంగారు కాగితపు కిరీటం జ్ఞానులకు. కాపరులు లూకాలోనూ, నక్షత్రం, జ్ఞానులు మత్తయిలోనూ మాత్రమే కనిపిస్తారు. జ్ఞానులు ముగ్గురని బైబిలు చెప్పదు, బంగారము, సాంబ్రాణి, బోళము అన్న మూడు కానుకలను బట్టి ఆ లెక్క వచ్చింది.

చిన్నపిల్లల సంరక్షణ

డిసెంబరు రాత్రుల్లో ఇక్కడ మంచు పడుతుంది. స్వెటరు, చెవులు కప్పే టోపీ అవసరం. దేవదూత గౌను కింద స్వెటరు వేయాలి, పైన కాదు, లేకపోతే పిల్ల ఒప్పుకోదు. వెలిగించిన కొవ్వొత్తులు పిల్లల చేతికి ఇవ్వకూడదు. రెక్కల అట్ట, తాత గడ్డానికి పెట్టిన దూది, నైలాను గౌను అన్నీ ఇట్టే అంటుకునేవే. బయలుదేరేటప్పుడు, ప్రతి ఇంటి దగ్గర కదిలేటప్పుడు తలలు లెక్కపెట్టాలి. ఐదుగురు చిన్నపిల్లలకు ఒక పెద్దమనిషి చొప్పున ఉంటే చేతులు పట్టుకోవడానికి వీలవుతుంది. లారీలు, బస్సులు తిరిగే పాలకొండ, బొబ్బిలి రోడ్లను పిల్లల రౌండ్‌లో దాటకుండా వరస వేసుకోవడం క్షేమం. గుంపుకు ముందొకరు, వెనకొకరు టార్చితో నడవాలి. వీధికుక్కలు డప్పుకు రేగుతాయి, కుక్కలున్న సందుల్లో వాద్యం ఆపి నడవాలి.

క్రిస్మస్ తాత ముసుగు చూసి రెండు మూడేళ్ళ పిల్లలు జడుసుకోవడం మామూలే. వేషం వేసేది ఎవరో ముందే చూపించి, వాళ్ళ కళ్ళెదుటే గడ్డం కట్టుకుంటే భయం పోతుంది. పాడనని మొరాయించిన పిల్లను ముందుకు నెట్టకుండా, గంటో, చిన్న తాళాలో చేతికిస్తే సరిపోతుంది.

కానుకలు, తినుబండారాలు

కానుక డబ్బు లెక్క సంఘ పెద్దల దగ్గర ఉంటుంది. పండుగ ఖర్చులకు, పేదలకు చీరలు, దుప్పట్లకు, సండే స్కూలు బహుమతులకు వాడతారు. ఇళ్ళల్లో టీ, బిస్కట్లు, కేకుతోపాటు అరిసెలు, జంతికలు, ఉత్తరాంధ్ర ఇళ్ళల్లో వండుకునే పోకుండలు పెడతారు. ప్రతి ఇంటా తినిపిస్తే పిల్లలకు కడుపునొప్పి వస్తుంది. సంచిలో వేయించి చివరి ఇంట్లో పంచడం వాడుకలో ఉన్న ఉపాయం.

నియమాలు

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకులు వాడకూడదు. పండుగలకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా, అర్ధరాత్రి వరకే. ఆసుపత్రులు, బళ్ళు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలాలుగా ప్రకటించవచ్చు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. మైకు లేని పిల్లల గొంతులు ఎవరినీ ఇబ్బంది పెట్టవు కాబట్టి సాయంత్రపు రౌండ్‌కు ఈ చిక్కులు రావు.

ప్రాముఖ్యం

సంఘం చిన్నదై, ఇళ్ళు దూరదూరంగా ఉన్నచోట క్యారల్స్ ఏడాదికొకసారి ప్రతి ఇంటినీ గుంపుగా చూసివచ్చే సందర్భం. గుడికి రాలేని ముసలివారికి, మంచాన పడ్డవారికి గుడే ఇంటికి వస్తుంది. పిల్లలకు ఎవరిల్లు ఎక్కడో, ఎవరింట్లో ఏ కష్టముందో తెలిసేది ఇప్పుడే. ఇరుగుపొరుగు హిందూ, ముస్లిం కుటుంబాలు అరుగుల మీదికి వచ్చి వింటాయి. బడి స్నేహితుడు దేవదూత వేషంలో కనబడితే పిల్లలు వెంట నడుస్తారు. పొరుగువారు పిలిస్తే వారింటి ముందూ పాడతారు, పిలవని గడప ఎక్కరు. ఈ హద్దు పాటించినంతకాలం ఊళ్ళో క్యారల్స్ అందరి పండుగలా సాగుతాయి.

2020 డిసెంబరులో కోవిడ్ వల్ల చాలాచోట్ల ఇంటింటి తిరుగుడు ఆగింది. పిల్లల పాటలు ఫోన్లలో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపారు. ముసలివారు ఆ వీడియోలు చూసి సంతోషించారు గానీ తిరుగుడు మళ్ళీ మొదలవగానే ఆ అలవాటు చాలావరకు పోయింది.

వలస ప్రాంతాల్లో

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారు రైల్వే పనులకు వెళ్ళి స్థిరపడ్డ ఖరగ్‌పూర్‌లో తెలుగు సంఘాలు ఉన్నాయి. గల్ఫ్ దేశాల్లో, అమెరికాలో, కెనడాలో తెలుగు సంఘాలు అపార్టుమెంట్ల లోపల, హాలులో కూర్చుని పాడతాయి. చలిదేశాల్లో కారులో ఒక్కో ఇంటికి అరగంట ప్రయాణం కాబట్టి ఒక రాత్రికి రెండు మూడు ఇళ్ళే అవుతాయి. అక్కడ పుట్టిన పిల్లలకు తెలుగు చరణాలు రావు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చిన పల్లవి చూసి పాడతారు, మిగతాది తాతలు, అమ్మమ్మలు అందుకుంటారు.